నికోలా వైన్ కేటలాగులు సేకరించడం ఎలా: మొదటి కాపీ వెతకడం నుంచి బీరువాలో పెట్టేదాకా

ముందే ఒక మాట చెప్పేస్తాను: ప్యారిస్ వైన్ కొట్టు నికోలా వేసిన ఈ కేటలాగుల్లోంచి ఒక్క పేజీ కూడా చింపకండి, ఎవరో చింపి ఫ్రేము కట్టి అమ్ముతున్న పేజీలు కొనకండి. మిగతాదంతా ఈ మాట చుట్టూ తిరిగేదే. బొమ్మలు బాగున్నాయని ఈ దారిలోకి వచ్చేవాళ్లే ఎక్కువ, నేనూ అలాగే వచ్చాను. కానీ బొమ్మ పక్కన ఏ వైన్ ఎంత అని అచ్చేసిన ధర ఉన్నప్పుడే అది కేటలాగు, ధరలు పోతే మిగిలేది బొమ్మ కాగితమే.

ఫ్రాన్సులో వైన్ వ్యాపారులు చాలామందే కేటలాగులు వేశారు. నేను ఇక్కడ చెప్పేది ప్రధానంగా నికోలా గురించి, ఎందుకంటే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒకే సంస్థ, ఒకే వరుస పట్టుకోవడం తేలిక. పైగా అందం విషయంలో దీనికి సాటి వచ్చేవి నాకు కనపడలేదు. లూయీ నికోలా అనే ఆయన 1822లో ప్యారిస్‌లో పెట్టిన కొట్టు ఇది. వైన్ పీపాల్లోంచి కొలిచి పోసే రోజుల్లో సీసాల్లో నింపి అమ్మి పేరు తెచ్చుకుంది, తర్వాత ఊరంతా శాఖలు పెట్టింది. 1920ల్లో, 30ల్లో సంస్థను నడిపిన ఎటియెన్ నికోలాకు బొమ్మలన్నా అచ్చుపని అన్నా ప్రాణం. పేరున్న చిత్రకారులను పిలిచి బొమ్మలు వేయించేవాడు. అచ్చు పని ప్యారిస్ పక్కనే మోంరూజ్‌లో ఉన్న డ్రేగర్ సోదరుల ప్రెస్సుకు ఇచ్చేవాడు. అప్పట్లో ఫ్రాన్సులో రంగుల అచ్చు అంటే ముందు వినిపించే పేర్లలో వాళ్లదొకటి. మన కిరాణా కొట్టువాళ్లు కొత్త సంవత్సరానికి క్యాలెండర్ ఇచ్చినట్టే వీళ్లు ఖాతాదారులకు ఏటా వైన్ల జాబితా పంపేవారు, కాకపోతే ఆ జాబితా మీద పెట్టిన శ్రద్ధ ఒక కళాపుస్తకం మీద పెట్టినంత.

ఏది సేకరించాలో ముందు తేల్చుకోండి

నికోలా పేరుతో వచ్చినవన్నీ ఒకటి కావు. మార్కెట్లో అన్నీ కలగలిసి దొరుకుతాయి కాబట్టి వీటిని మూడు గుంపులుగా చూడటం అలవాటు చేసుకోండి.

మొదటిది ఏటా వచ్చిన వైన్ జాబితాలు. 1920ల చివర్లో మొదలై, మధ్యలో రెండో ప్రపంచయుద్ధ కాలం విరామం పోను, 1973 దాకా వచ్చాయి. కసాండ్ర్, వాన్ డోంగెన్, బెర్నార్ బ్యూఫే లాంటి చిత్రకారులు వీటికి పనిచేశారు. నా మటుకు అసలు సేకరణ అంటే ఇవే.

రెండోది పాఠ్యంతో వచ్చిన ప్రత్యేక సంపుటాలు. 1924 నుంచి 1927 దాకా ఐదు భాగాలుగా వచ్చిన 'మోన్‌సెన్యూర్ ల వాన్', అంటే 'వైన్ దొరవారు' అనుకోవచ్చు. ఆ తర్వాత పాల్ ఇరీబ్ బొమ్మలతో 1930, 1931, 1932లలో మూడు ఆల్బమ్‌లు, 'తెలుపు ఎరుపు', 'గులాబీ నలుపు', 'నీలం తెలుపు ఎరుపు' అని అర్థం వచ్చే పేర్లతో. ఆపైన 1936లో రౌల్ డ్యూఫీ నీటిరంగుల బొమ్మలతో 'మోన్ దొక్తూర్ ల వాన్', అంటే 'నా డాక్టరు వైనే'. వైన్ ఆరోగ్యానికి మంచిదని డాక్టర్ల మాటలతో నింపిన ప్రచార పుస్తకం అది. అందులోని వైద్యం నమ్మక్కర్లేదు, డ్యూఫీ రంగులు మాత్రం చూసి తీరాలి.

మూడోది చిల్లర సామగ్రి: పోస్టుకార్డులు, విసనకర్రలు, బ్లాటింగ్ కాగితాలు, ధరల చీటీలు. వీటిలో ఎక్కువగా కనిపించే మనిషి పేరు నెక్టార్. రెండు చేతుల్లోనూ విసనకర్ర విప్పినట్టు సీసాలు పట్టుకుని నిలబడ్డ డెలివరీ మనిషి, 1922లో డ్రాన్సీ అనే చిత్రకారుడు పుట్టించాడు. 1935లో కసాండ్ర్ అదే మనిషిని తీసుకుని చుట్టూ రంగుల కిరణాలు చిమ్ముతున్నట్టు పెద్ద పోస్టరు చేశాడు, గ్రాఫిక్ డిజైన్ చదివినవాళ్లు దాన్ని చూసే ఉంటారు.

నా సలహా ఏంటంటే, మొదట యుద్ధం తర్వాత ఏటా వచ్చిన జాబితాల్లో రెండో మూడో కొనండి. ఇవి ఎక్కువగా దొరుకుతాయి, ధర అందుబాటులో ఉంటుంది, నేను చూసినంతవరకు మామూలు సంవత్సరాలవి కొన్ని పదుల యూరోల్లోనే వస్తాయి. కసాండ్ర్, ఇరీబ్, డ్యూఫీ పేర్లు తగిలితే లెక్క మారిపోతుంది. చేతిలో నాలుగు కాపీలు తిప్పి చూడకుండా నేరుగా డ్యూఫీకి వెళ్తే కాగితం ఎలా ఉండాలో తెలియక మోసపోతారు.

కొనేముందు ఉచితంగా చూడండి

ప్యారిస్‌లో ఉన్నవాళ్లకు, ఆ వైపు వెళ్లే పని ఉన్నవాళ్లకు ఫోర్నే గ్రంథాలయం ఉంది. మారే ప్రాంతంలో 'ఓటెల్ ద సాన్స్' అనే పాత కోటలాంటి భవనంలో. పోస్టర్లు, వ్యాపార కేటలాగులు పెద్ద ఎత్తున దాచిన చోటు అది. మిగతావాళ్లు ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయం వాళ్ల గాలికా వెబ్‌సైట్‌లో అప్పటి పత్రికలు తిరగేయండి. 1930ల పత్రికల్లోని ప్రకటనలు గంటసేపు చూస్తే చాలు, ఆ కాలం అక్షరాలు ఎలా ఉంటాయో, రంగులు ఎలా కలుపుతారో కంటికి పట్టేస్తుంది. వేలంసంస్థలు తమ పాత అమ్మకాల ఫొటోలు సైట్లలోనే ఉంచుతాయి, ఏ సంవత్సరం అట్ట ఎలా ఉంటుందో పోల్చుకోవడానికి అవి చాలా పనికొస్తాయి. కనిపించినవన్నీ సంవత్సరం పేరుతో ఫోనులో ఒక ఫోల్డరులో వేసుకోండి. ఆరు నెలల తర్వాత ఏదైనా అమ్మకానికి వచ్చినప్పుడు ఆ ఫోల్డరే మీ గురువు.

ఎక్కడ దొరుకుతాయి

చేత్తో పట్టుకుని కొనే అవకాశం ఉంటే అదే మేలు. ప్యారిస్ పదిహేనో వార్డులో జార్జ్ బ్రాసాన్స్ పార్కు పక్కన శని, ఆదివారాల్లో పాత పుస్తకాల సంత జరుగుతుంది. సేన్ నది గట్టు మీద పచ్చ పెట్టెల్లో పాత పుస్తకాలు అమ్మే బుకినిస్తులు ఉంటారు, కానీ అక్కడ ఇప్పుడు టూరిస్టు సరుకు ఎక్కువైంది, ఓపిగ్గా వెతకాలి. సాంత్-ఉవాన్ పాత వస్తువుల బజారు పెద్దది, ధరలూ పెద్దవే. నాకు బాగా అచ్చొచ్చినవి మాత్రం ఊళ్లలో జరిగే 'వీద్ గ్రెనియే'లు. అటకలు ఖాళీ చేసి పాత సామాన్లు వీధిలో పెట్టి అమ్మడం అన్నమాట. నేను అక్కడ ఉద్యోగం చేసిన రోజుల్లో ఆదివారం పొద్దున్నే లేచి వెళ్లేవాణ్ణి, ఎనిమిదింటికల్లా మంచివి అయిపోయేవి. వంట పుస్తకాల పెట్టె కనిపిస్తే అడుగుదాకా వెతకండి. వైన్ జాబితాలను ఎవరూ విడిగా పెట్టరు, వంటల పుస్తకాల మధ్య ఇరుక్కుని ఉంటాయి.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో కొనేవాళ్లకు దారి ఆన్‌లైనే. ఈబే ఫ్రాన్స్, పోస్టుకార్డులూ పాత కాగితాలూ అమ్ముకునే డెల్కాంప్, పాత పుస్తకాలకు ఏబ్‌బుక్స్, ఇవి మూడూ వారానికోసారి చూస్తే సరిపోతుంది. వెతికేటప్పుడు ఇంగ్లీషులో కాకుండా ఫ్రెంచిలో వెతకండి: 'నికోలా లిస్త్ దే గ్రాఁ వాఁ' (Nicolas liste des grands vins), లేకపోతే 'కతలోగ్ నికోలా' (catalogue Nicolas), దానికి ప్రెస్సు పేరు డ్రేగర్ (Draeger) కలిపి. అమ్మేవాడికి తన దగ్గరున్నదేమిటో తెలియక చిత్రకారుడి పేరు రాయకుండా పెట్టిన కాపీలు ప్రెస్సు పేరుతో దొరికాయి నాకు. ప్యారిస్‌లో ద్రూఓ అనే వేలంశాలలో జరిగే వేలాలకు కూడా ఆన్‌లైన్‌లో పాడొచ్చు, కానీ పాట ఖరారైన ధర మీద వేలంవాళ్ల రుసుము కలుస్తుంది, అది తరచు పాతిక శాతం పైనే ఉంటుంది. ఆ లెక్క వేసుకుని గరిష్ఠ ధర ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, పాట వేడిలో దాన్ని దాటకండి.

అమ్మకందారు రాసిన వర్ణన చదవడం

డబ్బు పోయేదీ మిగిలేదీ ఇక్కడే కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి. ఫ్రెంచి పాత పుస్తకాల వాళ్లకు ఒక పరిభాష ఉంది, ట్రాన్స్‌లేట్ యాప్ పెట్టినా కొన్ని మాటలు తేడాగా వస్తాయి.

'రూసూర్' అంటే కాగితం మీద తుప్పురంగు చుక్కలు. అంచుల్లో ఉంటే పర్వాలేదు, బొమ్మల పేజీ మధ్యలో ఉంటే ధర తగ్గాలి. 'ముయ్యూర్' అంటే తడి మరక, నీళ్లు పాకిన గీత. ఇది ఉన్న కాపీ నేనైతే కొనను, ఎందుకంటే తడిసిన కాగితంలో బూజు నిద్రపోతూ ఉంటుంది, మన వర్షాకాలంలో లేస్తుంది. 'బ్రోషే' అంటే గట్టి అట్ట లేకుండా కాగితం అట్టతో ఉన్నది. 'ఎతా దుజాజ్' అంటే వాడిన స్థితి, మర్యాదగా చెబితే నలిగిపోయింది అని అర్థం. 'మాంక్' అనే మాట ఎక్కడ కనిపించినా ఆగండి, ఏదో లోపించింది: పేజీయో, అట్ట ముక్కో.

అన్నిటికంటే ముఖ్యమైనది 'సిన్యే దాఁ లా ప్లాంష్'. అంటే చిత్రకారుడి సంతకం బొమ్మతో పాటే అచ్చయింది అని, ఆయన కాపీ మీద చేత్తో పెట్టిన సంతకం కాదని. కొందరు 'సంతకం ఉంది' అని మాత్రమే రాసి ఊరుకుంటారు. అచ్చు సంతకం వేల కాపీల మీద ఉంటుంది, దానికోసం ఒక్క యూరో కూడా ఎక్కువ ఇవ్వకండి.

ఇక మొదట్లో చెప్పిన మాట. నాకు ఒకసారి ఎదురుదెబ్బ తగిలింది: ఫొటోల్లో అట్ట బాగుంది, బొమ్మలు మెరిసిపోతున్నాయి, తీరా పార్సిల్ విప్పితే మధ్యలో ధరల పేజీలు లేవు. బొమ్మలు లేని పేజీలు ఎవరికి కావాలని ఎవరో ఎప్పుడో తీసేశారు. అమ్మినతను అబద్ధం చెప్పలేదు, నేనే అడగలేదు. అప్పటినుంచి ప్రతి అమ్మకందారుకూ ఇవే ప్రశ్నలు పంపుతున్నాను: మొత్తం ఎన్ని పేజీలు, ధరల పేజీలు అన్నీ ఉన్నాయా, లోపల వదులుగా పెట్టిన కాగితాలు ఏమైనా ఉన్నాయా, స్పైరల్ లేదా కుట్టు దగ్గర పేజీ చింపిన ఆనవాలు ఉందా. మధ్య పేజీ తెరిచి, వెన్ను దగ్గర ఒక ఫొటో, చివరి పేజీ ఫొటో ఒకటి అడగండి. మంచి వ్యాపారి సంతోషంగా పంపుతాడు. పంపనివాడిని వదిలేయండి, మళ్లీ ఇంకోటి వస్తుంది.

సంవత్సరం తేల్చడం

చాలావాటి మీద సంవత్సరం అచ్చై ఉంటుంది. అట్ట పోయినవాటికి, విడి ధరల చీటీలకు మాత్రం మీరే తేల్చాలి, నాకైతే ఈ పనిలో ఉన్న ఆనందం ఇంకెందులోనూ లేదు. మొదట జాబితాలోని వైన్లలో అన్నిటికంటే కొత్త ద్రాక్ష పంట ఏ సంవత్సరానిదో చూడండి, కేటలాగు దానికంటే ముందుది కాలేదు. తర్వాత ధరలు. 'ఎన్ఎఫ్' అని రెండు అక్షరాలు ఉంటే అది కొత్త ఫ్రాంకు, 1960 జనవరి 1 నుంచి నూరు పాత ఫ్రాంకులు ఒక కొత్త ఫ్రాంకు అయ్యాయి, కొన్నేళ్లకు ఆ అక్షరాలు మానేశారు. కాబట్టి అవి కనిపిస్తే 1960ల మొదట్లోది. ధరలు ఒక్కసారిగా వేలల్లో ఉంటే దానికి ముందు, యాభైల నాటిది.

ఫోన్ నంబరు చూడండి. ప్యారిస్ నంబర్ల ముందు ఎక్స్ఛేంజి పేరులోని అక్షరాలు రాసే పద్ధతి 1963లో పోయి అంకెలే వచ్చాయి. చిరునామాలో ఐదంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 లేదా ఆ తర్వాతది. 'అపెలాసియోఁ కోంత్రోలే', అంటే వైన్ ఫలానా ప్రాంతానిదే అని చట్టం ఒప్పుకున్న ముద్ర, ఉంటే 1935 చట్టం తర్వాతది. బోర్డో ప్రథమ శ్రేణి వైన్లలో షతో మూతోఁ రోత్‌షీల్డ్ పేరు చేరి ఉంటే 1973 లేదా ఆ తర్వాత, ఎందుకంటే 1855 నాటి వర్గీకరణలో రెండో శ్రేణిలో ఉన్నదాన్ని ఆ ఏడే మొదటి శ్రేణికి మార్చారు. ఒక్కో ఆధారం విడిగా చిన్నదే, రెండు మూడు కలిస్తే సంవత్సరం దాదాపు చేతికొస్తుంది.

అసలుదేనా?

ఏటా వచ్చిన జాబితాలకు నకిలీలు నేను పెద్దగా చూడలేదు, గొడవ ఎక్కువగా విడి బొమ్మలతోనూ పేరున్న ఆల్బమ్‌లతోనూ. 'మోన్ దొక్తూర్ ల వాన్' 2003లో ఇంగ్లీషు అనువాదంతో మళ్లీ అచ్చయింది. అది చక్కని పుస్తకమే, కానీ 1936 కాపీ ధర పెట్టి దాన్ని కొనకూడదు కదా.

ఇంట్లో చేయగల పరీక్షలు రెండున్నాయి. ఒకటి పది రెట్ల భూతద్దం, కోఠీలోనో ఆన్‌లైన్‌లోనో కొన్ని వందల రూపాయలకు వస్తుంది. అక్షరాల అంచులు చూడండి: పాత సీసం అచ్చులో సిరా అంచుకు నొక్కుకుని సన్నని గట్టులా ఉంటుంది, వెనక్కి తిప్పి వేలితో తడిమితే కొద్దిగా ఉబ్బు తగులుతుంది. ఇంక్‌జెట్ ప్రింటులో అంచులు చెదిరి, పిచికారీ కొట్టినట్టు చిన్న చిన్న రంగు చుక్కలు అడ్డదిడ్డంగా ఉంటాయి. వరుసగా ఉన్న చుక్కలు కనిపించగానే నకిలీ అనుకోకండి, అప్పటి రంగుల అచ్చులోనూ చుక్కల వలలు ఉండేవి.

రెండోది నోట్లు పరీక్షించే యూవీ టార్చి. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు 1950 ప్రాంతం నుంచే వాడకంలోకి వచ్చాయి. చీకటి గదిలో టార్చి వేస్తే 1930ల కాగితం మసకగా, పసుపుగా ఉండిపోవాలి. నీలంగా భగ్గున వెలిగిందంటే అది 1930లది కాదు. ఈ పరీక్ష యుద్ధం తర్వాతి జాబితాలకు పనిచేయదు, వాటిలో వెలుగు ఉండొచ్చు.

పార్సిల్ ఇండియాకు రావడం

అమ్మకందారును కస్టమ్స్ పత్రంలో 'పాత ముద్రిత కేటలాగు, కాగితం' అని స్పష్టంగా రాయమనండి. వైన్ అనే మాట పెద్దగా రాస్తే సీసా ఉందేమోనని పార్సిల్ ఆగుతుంది, నా దాని విషయంలో అదే జరిగి పది రోజులు టెన్షన్ పడ్డాను. విలువ తక్కువ చేసి రాయమని మాత్రం అడగకండి, అది తప్పు, పైగా పార్సిల్ పోతే బీమా కూడా ఆ తక్కువ విలువకే వస్తుంది. సుంకం పడితే కట్టేలా ముందే బడ్జెట్‌లో కలుపుకోండి. రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, పైన ప్లాస్టిక్ చుట్టి పంపమనండి. జూన్ నుంచి అక్టోబరు దాకా వీలైతే తెప్పించకండి, ఇష్టమైనది దొరికితే కొని అమ్మకందారు దగ్గరే ఉంచమని బతిమాలుకోవచ్చు, చాలామంది ఒప్పుకుంటారు.

దాచడం

వచ్చిన కాపీని నేరుగా బీరువాలో మిగతావాటి మధ్య పెట్టకండి. రెండు మూడు వారాలు విడిగా, పారదర్శకమైన కవరులో ఉంచి చూడండి. కవరు అడుగున పొడి రాలితే పురుగు ఉన్నట్టు.

కవర్లు పాలియెస్టర్‌వి వాడండి. స్టేషనరీ షాపులో దొరికే మెత్తని, వాసన వచ్చే పీవీసీ ఫోల్డర్లు వద్దు, కొన్నేళ్లకు అవి కాగితానికి అతుక్కుని సిరాను లాగేస్తాయి. చిరిగినచోట సెల్లోటేపు అస్సలు వేయకండి, ఎందుకంటే టేపు ఊడిపోయినా పసుపు మచ్చ పోదు. కొన్ని కేటలాగులకు స్పైరల్ బైండింగు ఉంటుంది, వాటిని నిలబెడితే పేజీలు బరువుకు రంధ్రాల దగ్గర చిరుగుతాయి, పడుకోబెట్టి, ఒకదాని మీద ఒకటి ఐదారుకు మించకుండా పెట్టండి. పిన్నులు తుప్పుపడితే మీరే పీకకండి, పుస్తకాల బైండింగు బాగా తెలిసిన మనిషికి చూపించండి.

కలరా ఉండలు కాగితానికి తగలకూడదు. అసలు పెట్టకపోతేనే నయం. సముద్రం పక్కన ఉండే విశాఖ, కాకినాడవాళ్లు తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు బీరువాలో పెట్టుకోండి, యాభై శాతం అటూ ఇటూ ఉంటే హాయి, అరవై దాటి అక్కడే నిలబడితే సిలికా జెల్ సంచులు మార్చాలి. బయటి గోడకు ఆనించిన బీరువా వద్దు, వానకు ఆ గోడ చెమ్మెక్కుతుంది.

రాసి పెట్టుకోవడం

ప్రతి కాపీకి ఒక కార్డు: సంవత్సరం, చిత్రకారుడు, పేజీలు, ఎక్కడ కొన్నది, ఎంతకు, లోపాలు. వాటితోపాటు కాపీలో ఎవరైనా చేత్తో రాసినవి. ఇవి మురికి అనుకుని రబ్బరుతో తుడిచేసేవాళ్లను చూశాను, దయచేసి ఆ పని చేయకండి. నా దగ్గరున్న యాభైల నాటి జాబితా ఒకదానిలో బుర్గుండీ ప్రాంతపు వైన్ల పేజీలో మూడు వైన్ల పక్కన పెన్సిలు టిక్కులున్నాయి. ఒకదాని పక్కన చిన్నగా '2' అని వేసి, మళ్లీ కొట్టేసి, '1' అని రాశారు. కొట్టేసిన గీత బాగా నొక్కి గీసింది, వెనక పేజీలో వేలికి తగులుతుంది. పేజీ అడుగున ధరలు కూడిన లెక్క ఉంది, ఒక అంకె దిద్దారు. ఎవరింట్లో విందు కోసం వేసిన లెక్కో నాకు తెలియదు. నా కార్డు మీద మాత్రం ఆ టిక్కులు ఏ వైన్ల పక్కన, ఏ వరుసలో ఉన్నాయో, ఏ ధర దగ్గర రెండు ఒకటయిందో రాసి, ఆ పేజీని పక్కనుంచి వెలుతురు పడేలా ఫొటో తీసి దానికి జతచేశాను.